గండిలో పోసిన ఇల్లు

"నలభై ఆరు, ఫిల్డోర్ మెసిడో" అని చదివి ఇంజనీరు లూబెన్ ట్యాబ్‌ని చంకలో పెట్టుకున్నాడు. పైకప్పు పోయిన చాపెల్ ముందు, టార్పాలిన్ కింద కూర్చున్న జనం చప్పట్లు కొట్టారు. అనీజ్ కూడా కొట్టింది. కొట్టాక గాని ఆమెకు తట్టలేదు, తన పేరు రాలేదని.

ఇంకో పేజీ ఉందేమో అనుకుని కదలకుండా కూర్చుంది. జనం లేచి బట్టలు దులుపుకుంటున్నారు. కొందరు ఒకర్నొకరు కావలించుకుని ఏడుస్తున్నారు. ఫొన్ లియాన్ కొండమీద భూకంపానికి కూలని ఇల్లు వెతికితే నాలుగో అయిదో దొరుకుతాయి. కూలినవాళ్ళందరికీ రేకులు, కలప, సిమెంటు ఇచ్చి ఇళ్ళు నిలబెడతామని ఒకాయ్ పట్నంలోని ఫౌండేషన్ మాటిచ్చి రెండు నెలలైంది. అక్టోబరు వానలు నెత్తిమీదికి వచ్చేశాయి. అనీజ్, ఆమె పదేళ్ళ కూతురు మిర్లా ఇద్దరూ పక్కింటి ఒరీల్యా వాళ్ళ వంటపాకలో పొయ్యి పక్కన సర్దుకుంటున్నారు. వాన కొడితే ఆ పాకలో పడుకోవడానికి చోటుండదు.

"బాబూ, నా పేరు మరిచిపోయినట్టున్నారు" అంది ఇంజనీరు దగ్గరికి వెళ్ళి. "అనీజ్. అనీజ్ దెలిస్కా."

లూబెన్ మంచి కుర్రాడే. ముప్పై ఏళ్ళుంటాయి. విసుక్కోకుండా ట్యాబ్ మళ్ళీ తీసి వేలితో పైకీ కిందికీ నెట్టాడు. "దెలిస్కా... ఉందమ్మా."

"అమ్మయ్య!"

"సర్వేలో ఉంది. జాబితాలో లేదు. ఇక్కడ ఖాళీ స్థలం అని రాసి ఉంది. ఇల్లు లేదు అని."

పక్కనే ఉన్న ఒరీల్యా పకపకా నవ్వింది. "ఇల్లు లేదనేగా నాయనా ఇల్లు ఇస్తామంటున్నారు? ఉంటే మీతో మాకేం పని?"

"అలా కాదమ్మా. ఇల్లు ఉండి కూలి ఉండాలి. ఇదిగో చూడండి." ట్యాబ్ వాళ్ళ వైపు తిప్పాడు.

అందులో అనీజ్ ఉంది. తెల్లగౌను, తెల్ల తలగుడ్డ, చేతిలో కాఫీ కెటిల్. వెనక చీపురు గీతలు చక్కగా కనబడేలా ఊడ్చిన వాకిలి, ఊరంతా తిరిగి అడిగి తెచ్చిన డజను కుర్చీలు. రాయి లేదు, రప్ప లేదు, విరిగిన దూలం లేదు. అది అమ్మ చనిపోయాక తొమ్మిదో రోజు. చివరి ప్రార్థన రోజు. ఆ రోజు చనిపోయిన మనిషి వాకిలి వదిలి వెళ్తుంది గనక వాకిలి అద్దంలా ఉండాలి. వచ్చినవాళ్ళకి కాఫీ, రొట్టె ఇవ్వాలి. సర్వేకని పట్నం నుంచి వచ్చిన ఇద్దరు ఆడపిల్లలు సరిగ్గా అప్పుడే వచ్చారు. పాపం దూరం నుంచి వచ్చారని అనీజ్ వాళ్ళకి చక్కెర ఎక్కువ వేసి ఇచ్చింది. ఫొటో తీస్తామంటే తలగుడ్డ సర్దుకుని మరీ నిలబడింది. వాళ్ళు కాఫీ బాగుందన్నారు. ఖాళీ స్థలం అని రాసుకుని వెళ్ళారు.

కాళ్ళ కింద భూమి కదిలింది అనే మాట ఈ ఊళ్ళో ఇక ఎవరూ తేలిగ్గా అనరు గాని, అనీజ్‌కి మాత్రం అలాగే ఉంది. ఏదైనా పట్టుకుందామని చెయ్యి చాపితే ఒరీల్యా భుజం దొరికింది.

"శనివారం దాకా గడువుంది" అన్నాడు లూబెన్. "ఆ రోజు నేనే వస్తాను. స్థలంలో కూలిన ఇల్లు నా కంటికి కనబడితే ఫొటో తీసి పంపిస్తాను. సోమవారం రేకుల లారీ వస్తుంది, ఆ తరవాత జాబితా మూసేస్తారు."

"కూలిన ఇల్లు అక్కడే ఉంది సార్" అంది వెనక నుంచి ఒక గొంతు. ఒరీల్యా మొగుడు ఫిల్డోర్. ఊళ్ళో కలిసి పనిచేసే జట్టుకి, కోంబిట్‌కి, పెద్ద. చెయ్యి పైకెత్తితే ముప్పైమంది గడ్డపారలు పట్టుకుని వచ్చే మనిషి. "మీ పిల్లలు సరిగ్గా చూడలేదు. శనివారం చూపిస్తాం, రండి."

అనీజ్ ఉలిక్కిపడి అతని వైపు తిరిగింది. ఫిల్డోర్ ఆమె వైపు చూడలేదు.

"చూపించండి, నాకూ సంతోషమే" అన్నాడు లూబెన్. "కాని ముందే చెప్తున్నా, దొంగ రుజువు పెట్టారని పైవాళ్ళకి తెలిస్తే ఒక్కరి పేరు కాదు, ఊరు ఊరంతా పోతుంది. కిందటి నెల మానిష్ అవతల ఒక ఊరికి అలాగే చేశారు. అది నా చేతిలో లేదు."

*

ఒరీల్యా, ఫిల్డోర్‌లతో ఇంటికి పోయే దారిలో గండి దగ్గర అనీజ్ ఎప్పటిలాగే అంచు పట్టుకుని నడిచింది. ఆ అంచు నిండా ముళ్ళు. గౌను చిరుగుతుంది. అయినా రెండు నెలలుగా ఆమె ఆ దారి మధ్యలో అడుగు పెట్టలేదు. ఎవరూ ఎందుకని అడగలేదు, ఆమె చెప్పలేదు.

అక్కడ దారి భూకంపానికి విరిగింది, రెండు రోజుల తరవాత వచ్చిన తుపానుకి కోసుకుపోయింది. నాలుగో రోజున ఫౌండేషన్ నుంచి కాగితం వచ్చింది. పాదిరి చదివి వినిపించాడు. దారి తెరిస్తేనే నీళ్ళ లారీ, టార్పాలిన్లు పంపగలం, దయచేసి దారి తెరవండి అని. గండికి అందరికంటే దగ్గర ఇల్లు అనీజ్‌ది. అప్పటికి ఆమె అమ్మని పూడ్చిపెట్టి వచ్చి, ఇంటి రాళ్ళ ముందు కూర్చుని ఉంది. ఫిల్డోర్ వచ్చి, "చెల్లెమ్మా, ఈ రాళ్ళు తీసుకుంటాం" అన్నాడు. "తీసుకుపోండి" అంది ఆమె. ఆ రోజు ఎవరేం అడిగినా అలాగే అనేది. కళ్ళు అడిగినా ఇచ్చేసేది. సాయంత్రానికి ఇల్లు మొత్తం గండిలో ఉంది. మర్నాడే నీళ్ళ లారీ దానిమీదుగా ఊళ్ళోకి వచ్చింది. ఊరు గొంతు తడుపుకుంది.

"ఎందుకన్నా ఆ అబద్ధం?" అంది అనీజ్.

"ఏది అబద్ధం?" ఫిల్డోర్ సరిగ్గా గండి నడుమ ఆగి బూటుతో నేలని తన్నాడు. మట్టి రేగి కింద నీలం గచ్చు ముక్క కనబడింది. "ఇల్లు లేదా? ఇదిగో ఉంది. ఎక్కడికి పోయింది? రేపు తవ్వుదాం, నీ స్థలంలో పోద్దాం. శనివారం సారు చూసుకుంటాడు, ఫొటో తీసుకుంటాడు. ఆదివారం మళ్ళీ తెచ్చి ఇక్కడే పోసేద్దాం. సోమవారం లారీ వచ్చేసరికి దారి దారిలాగే ఉంటుంది."

"అన్నా, తెలిస్తే ఊరంతా పోతుందన్నాడు."

"ఎవరు చెప్తారు తెలియడానికి? రాళ్ళు చెప్తాయా?"

"నీకు బుర్ర ఉందా అసలు?" అంది ఒరీల్యా మొగుణ్ణి. "మన పేరు నలభై ఆరోది. అంటే కొసన వేలాడుతోంది. అది కూడా ఊడేదాకా నిద్రపట్టదా నీకు?"

"ఏం చెయ్యమంటావే మరి? ఆవిడ ఇంటిమీంచి రోజుకి పదిసార్లు నడుస్తున్నాం. ఇప్పుడు ఆవిడకి ఇల్లే లేదంటున్నారు. నోరు మూసుకుని రేకులు తెచ్చుకుందామా?"

అనీజ్ మాత్రం ఆ నీలం ముక్క వైపే చూస్తూ నిలబడిపోయింది. అది కిటికీ పక్క గోడది. కిందటి ఈస్టర్‌కి అమ్మ తన చేత్తో వేసిన రంగు. ఎవరూ చూడకుండా వంగి, దానిమీద మట్టి కప్పింది.

*

శుక్రవారం తెల్లవారగానే శంఖం ఊదారు. కోంబిట్ అంటే ఈ రోజు నీ చేలో నేను, రేపు నా చేలో నువ్వు. పిలిచినవాళ్ళు అన్నం పెట్టాలి, అంతే. అనీజ్ దగ్గర ఏముందని పెట్టడానికి? అయినా ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, ఎవరికీ కనబడనట్టు, ఆమె గంపలో దోసెడు మొక్కజొన్న రవ్వ, గుప్పెడు కందులు, ఓ సీమపనస వేసి పోయారు. ఆమె మూడు రాళ్ళ పొయ్యి పెట్టి సంకటి కలిపింది. వంట తనదే గనక కోంబిట్ తనదే అయింది. మర్యాద దక్కింది.

కింద గండిలో డప్పు మొదలైంది. ముప్పైమంది రెండు వరసలు కట్టారు. గడ్డపారలు ఒక్క దెబ్బలో లేస్తున్నాయి, ఒక్క దెబ్బలో దిగుతున్నాయి. పాట అందుకునేది ముసలి విల్సెన్. చెయ్యి ఎత్తలేడు గాని నోటికి ఆయనకి సాటి లేరు. ఎవర్ని ఏమైనా అనాలంటే పాటలో అనేస్తాడు, పాటలో అన్నదానికి ఎవరూ కోపం తెచ్చుకోకూడదు.

"ఫొటోలో పడందే ఇల్లు కాదంట!"

"హోయ్!"

"కాఫీ తాగిన కళ్ళకి కూలింది కనబడదంట!"

"హోయ్!"

"తవ్వండి తమ్ముళ్ళూ అనీజ్ ఇంటిని!"

"హోయ్!"

"సారువారి కంటికి ఆనేదాకా!"

నవ్వులే నవ్వులు. ఎవరో క్లెరిన్ సారా సీసా తిప్పారు. అనీజ్‌కి కూడా నవ్వొచ్చింది. నవ్వినందుకు వెంటనే సిగ్గేసింది.

మధ్యాహ్నానికి రాళ్ళన్నీ ఆమె స్థలానికి వచ్చేశాయి. సంకటి గిన్నెలు పంచి తలెత్తి చూసిన ఒరీల్యా, "ఓరి దేవుడా!" అని తల పట్టుకుంది. "ఇదేంట్రా ఇది?"

పెద్ద రాళ్ళు ఒక పక్క, చిన్న రాళ్ళు ఒక పక్క. గచ్చు ముక్కలు విడిగా. దూలాలు పొడుగు ప్రకారం వరసగా. నడుమెత్తున, తాడు పట్టి పేర్చినట్టు పేర్చి ఉన్నాయి.

"ఏమైంది?" అన్నాడు ఫిల్డోర్ చెమట తుడుచుకుంటూ. పని చక్కగా వచ్చిందనే అతని ముఖంలో ఉంది.

"కూలిన ఇల్లు ఇలా ఉంటుందా? ఇది కట్టబోయే ఇల్లు! సారు వచ్చి, మేస్త్రీ ఎవరమ్మా, ఎప్పుడు మొదలెడుతున్నారు అని అడుగుతాడు!"

మగవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. పుట్టినప్పట్నించీ వాళ్ళ చేతులకి వచ్చింది పేర్చడమొక్కటే. సరేనని వరసలు పడదోసి చిందరవందరగా పోశారు. అప్పుడది రాళ్ళ క్వారీలా తయారైంది. మళ్ళీ కదిపారు. ఒకడు దూలాన్ని నిలువుగా పాతాడు. ఇంకొకడు, "భూకంపానికి దూలం నిలబడుతుందట్రా, బుద్ధిలేనోడా?" అన్నాడు. విల్సెన్ దానిమీద ఒక పాట కట్టబోయాడు.

"అలా పడలేదు" అంది అనీజ్.

గట్టిగా అనలేదు. కాని డప్పు ఆగిపోయింది.

ఆమె గరిటె పక్కన పెట్టి లేచింది. గౌనుకి చేతులు తుడుచుకుంది. "పొయ్యి వైపు గోడ నడుందాకా నిలబడింది. ఇక్కడ. కిటికీ గోడ మొత్తం లోపలికి పడింది, ముక్కలవకుండా, పలకలాగా. తరవాత విరిగింది. పెద్ద దూలం ఇటు నుంచి అటు అడ్డంగా. రేకులు దాని కింద." ఒక్కొక్క మాటా చెప్తూ ఒక్కొక్క చోట కాలితో గీత గీసింది. మగవాళ్ళు మాట్లాడకుండా ఆమె చెప్పినట్టే పెడుతున్నారు. ఇల్లు కూలుతోంది. పాట లేకుండా, నెమ్మదిగా, ఆమె కళ్ళ ముందు రెండోసారి కూలుతోంది.

మధ్యలో ఒక చోటు మిగిలిపోయింది. చాపంత చోటు. అక్కడికి వచ్చేసరికి అందరూ చుట్టూ తిరిగి పోతున్నారు. అక్కడేముందో ఊరందరికీ తెలుసు. ఆ రోజు రాళ్ళెత్తి అనీజ్ వాళ్ళ అమ్మ దెరాల్యమ్మని పైకి తీసింది వాళ్ళే.

"ఇక్కడా వెయ్యండి" అంది అనీజ్.

ఎవరూ కదల్లేదు.

"ఇక్కడే ఎక్కువ పడ్డాయి. మీకు తెలుసుగా."

"వద్దులే చెల్లెమ్మా" అన్నాడు ఫిల్డోర్. "ఇక్కడ ఖాళీగా ఉన్నా పర్వాలేదు. ఫొటోలో తెలీదు."

"తెలుస్తుంది. ఇన్నాళ్ళూ ఖాళీగా ఉందనేగా గొడవ."

ఆమే వంగి ఒక నీలం ముక్క ఎత్తింది. బరువుగా ఉంది. పొట్టకి ఆనించుకుని నాలుగడుగులు నడిచి, ఆ చోట దించింది. పిల్లని పడుకోబెట్టినంత నెమ్మదిగా దించింది. అప్పుడు తను చేసిన పనేంటో తనకే తెలిసి, రెండు చేతులూ వెనక్కి లాక్కుంది. అమ్మ మీద ఆ రోజు రాళ్ళు వేసింది భూమి. ఈ రోజు వేసింది నేను. ఒక ఫొటో కోసం వేశాను. ఇంకో రాయి ఎత్తలేకపోయింది. ఒరీల్యా వచ్చి ఆమెని పక్కకి తీసుకుపోయి సంకటి ముందు కూర్చోబెట్టింది. మిగతా రాళ్ళు ఎవరు వేశారో ఆమె చూడలేదు.

*

శనివారం పదిగంటలకి జీపు చప్పుడు వినిపించింది. కొండ ఎక్కుతూ ఎక్కుతూ గండి దగ్గర ఆగిపోయింది. తరవాత లూబెన్ నడిచి వచ్చాడు, మోకాళ్ళ దాకా బురద. ఊరంతా అనీజ్ వాకిలి చుట్టూ చేరి ఉంది, ఊరికే అటు వచ్చినట్టు.

వాకిలి అంచున ఆగి, "ఒనే!" అని పిలిచాడు, పల్లెల్లో పిలిచినట్టు.

"రెస్పే" అని రివాజు ప్రకారం బదులిచ్చింది అనీజ్. "రండి బాబూ."

లూబెన్ వచ్చాడు, చూశాడు. చాలాసేపు చూశాడు. ట్యాబ్ తీసి పాత ఫొటో తెరిచాడు. ఒకసారి ఫొటో, ఒకసారి రాళ్ళు. దూలం పక్కన వంగి వేలితో మట్టి గీరాడు. మట్టి ఇంకా తడిగా ఉంది.

"ఇవి అప్పుడు ఇక్కడ లేవు" అన్నాడు.

"ఉన్నాయి సార్" అన్నాడు ఫిల్డోర్.

"ఈ ఫొటోలో లేవు."

"ఆ పక్కకి తిప్పి తీసుంటారు సార్. ఫొటో అన్నాక ఒక వైపే కదా పడుతుంది."

"కింద దారి ఎందుకు తెగింది? మొన్న వచ్చినప్పుడు బాగానే ఉంది."

"వాన సార్."

"వాన పడలేదే!"

"మా కొండమీద మాకే పడుతుంది సార్, పట్నంలో తెలీదు" అన్నాడు విల్సెన్. మామూలుగా అయితే నవ్వేవాళ్ళు. ఎవరూ నవ్వలేదు.

లూబెన్ అనీజ్ వైపు తిరిగాడు. "అమ్మా, మీరు చెప్పండి. మీరు అవునంటే ఫొటో తీస్తాను. నాకు మీ మాట చాలు. ఇవి అప్పట్నించీ ఇక్కడే ఉన్నాయా?"

ఒక్క మాట. ఒక్క 'అవును'. ఒరీల్యా పెదవులు ఆ మాటకి ఆకారం కడుతున్నాయి కూడా. అనీజ్ నోరు తెరిచింది. కళ్ళు ఆ నీలం ముక్క మీదికి పోయాయి.

"లేవు బాబూ" అంది.

ఎవరో అయ్యో అన్నారు. ఫిల్డోర్ రెండు చేతులూ తలమీద పెట్టుకున్నాడు.

"నిన్న పెట్టాం. నేనే చెప్పి పెట్టించాను, ఏది ఎక్కడ పడిందో. ఇది నా ఇల్లే, ఇలాగే కూలింది, ఇదిగో ఇక్కడే మా అమ్మ పోయింది. అదొక్కటీ అబద్ధం కాదు. కాని ఈ రాళ్ళు రెండు నెలలుగా ఇక్కడ లేవు. మీరు జీపు ఆపి దిగారే, అక్కడున్నాయి. గండిలో. నిన్న తవ్వి తెచ్చాం."

"గండిలోనా? ఇంటి రాళ్ళు దారిలో పొయ్యమని ఎవరు చెప్పారు మీకు?"

"మీరే."

లూబెన్ అర్థం కానట్టు చూశాడు.

"మీ ఆఫీసు కాగితం. దారి తెరిస్తేనే నీళ్ళొస్తాయని. పాదిరి చదివాడు. వీళ్ళు మోశారు. నేను ఇచ్చాను."

ఆ కుర్రాడి ముఖం చూసి తీరాలి. నల్లటి ముఖం బూడిద రంగుకి తిరిగింది. "ఆ కాగితం నేనే రాశాను" అన్నాడు మెల్లగా. "రాళ్ళు... ఏటి నుంచి తెచ్చుకుంటారనుకున్నాను."

"ఏరు రెండు గంటల దిగువన ఉంది బాబూ. అప్పటికి మాకు నాలుగు రోజులుగా నీళ్ళు లేవు."

"ఊరివాళ్ళే సొంతంగా దారి వేసుకున్నారని పైకి రాశాను. మెచ్చుకున్నారు నన్ను. దాతలకి చూపించారు." అంతలో ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు. "ఎన్నిసార్లు వచ్చానో ఈ ఊరికి! పన్నెండు సార్లు, ఆ దారి మీదుగానే."

"మేం రోజూ నడిచాం" అన్నాడు ఫిల్డోర్.

లూబెన్ ఒక దూలం మీద కూలబడ్డాడు. వెంటనే అది మనిషి పోయిన చోటి దూలమని తట్టి గబుక్కున లేచి నిలబడ్డాడు. మిర్లా మంచినీళ్ళు తెచ్చి ఇస్తే తాగి, ట్యాబ్ మూసి, కిందికి నడిచాడు. అయిపోయింది అనుకున్నారు జనం. ఒరీల్యా ఏడుపు మొదలెట్టింది.

గండి దగ్గరికి వెళ్ళి అతను వెనక్కి తిరిగాడు. "అమ్మా, ఇటు రండి. ఇంటి ఫొటోలో యజమాని ఉండాలి. నియమం."

అనీజ్ దిగింది. నిన్న తవ్విన గొయ్యిలో, మధ్యలో, నిలబడింది. రెండు నెలల్లో మొదటిసారి. అతను మూడు ఫొటోలు తీశాడు. తరవాత నిలబడే చాలాసేపు రాశాడు, రాసింది గట్టిగా చదివాడు: ఇల్లు పూర్తిగా కూలింది. ఫౌండేషన్ కోరిక మీద ఆ రాళ్ళతో దారి వేశారు. కోరిన కాగితం రాసింది నేను. లూబెన్ ఎస్తిమే, ఇంజనీరు.

"మరి ఆ కుప్ప? దొంగ రుజువంటారేమో!" అన్నాడు ఫిల్డోర్ భయంభయంగా.

"ఏ కుప్ప? నేను దాన్ని ఫొటో తియ్యలేదు. పేరు నలభై ఏడోది. ఒప్పుకోకపోతే మళ్ళీ పంపిస్తాను. అప్పటికీ కాకపోతే నేనే పోయి వాళ్ళ బల్ల ముందు కూర్చుంటాను. ఈ ఫొటో ముందు పెట్టి ఇల్లు లేదని చెప్పమంటాను."

అప్పుడు గాని ఊరు గాలి పీల్చుకోలేదు. ఒరీల్యా అనీజ్‌ని పట్టుకుని ఊపేసింది. విల్సెన్ చేతులు తట్టి ఏదో అందుకోబోయాడు. ఫిల్డోర్ ఒక్క గంతులో పైకెక్కి, "పదండ్రా, పదండి! సారు జీపు తిప్పుకోవాలి, సోమవారం లారీ రావాలి. సాయంత్రంలోగా గండి పూడాలి" అని అరిచాడు. మగవాళ్ళు అనీజ్ వాకిట్లోకి పోయారు. ఫిల్డోర్ అందరికంటే ముందు నడుం వంచి ఓ పెద్ద రాయి ఎత్తి భుజాన వేసుకున్నాడు.

"ఆగండి" అంది అనీజ్.

ఆమె వాకిట్లోకి వచ్చి రాళ్ళకీ వాళ్ళకీ మధ్య నిలబడింది.

"ఇవి ఇవ్వను."

ఫిల్డోర్‌కి వినబడింది గాని ఎక్కలేదు. "ఏంటి చెల్లెమ్మా?"

"ఈ రాళ్ళు ఇవ్వను అన్నా. ఒకసారి ఇచ్చాను. అప్పుడు నాకు తెలివి లేదు. ఎవరడిగారో, ఏమడిగారో తెలీదు. ఇప్పుడు తెలుసు."

"లారీ రాకపోతే ఎవరికీ రేకులు రావు. నీకూ రావు."

"రానీ లారీ. దారి వెయ్యండి, నేనూ మోస్తాను. ఈ ఊళ్ళో ఒక్క నా ఇల్లే కూలిందా? ఇంకో నలభై ఆరు ఇళ్ళు కూలాయి. నీ ఇంటి రాళ్ళు నీ వాకిట్లో అలాగే ఉన్నాయి. రెండు నెలలుగా ఒక్క రాయి కదల్లేదు. ఫొటో అయ్యేదాకా కదపకూడదని పిల్లల్ని కూడా అటు పోనివ్వలేదు మీరు." ఆమె గొంతు పెద్దది కాలేదు. "మీ ఫొటోలు ఎప్పుడో తీశారుగా. ఇంక వాటితో పనేంటి? ఇంటికి నాలుగు గంపలు పోస్తే గండి నిండుతుంది. ఆ రోజు కూడా నిండేది."

ఆ రోజు కూడా నిండేది. ముప్పైమంది మగాళ్ళు, శంఖం ఊది, డప్పు కొట్టి, పొద్దుపోయేదాకా మోశారు. ఒక్కడికి తట్టలేదు. దగ్గరగా ఉంది గదా అనుకున్నారు. ఆవిడ ఇచ్చింది గదా అనుకున్నారు. మంచి పని చేశామనే ఇన్నాళ్ళూ చెప్పుకున్నారు.

ఒరీల్యా కళ్ళు తుడుచుకుంది. వంటపాక పక్కన బోర్లించిన గంప తీసుకుని, ఎవరి వైపూ చూడకుండా తన కూలిన ఇంటి వైపు నడిచింది. కాసేపటికి అక్కడి నుంచి గంపలో రాయి పడ్డ చప్పుడు వినిపించింది. తరవాత ఇంకొకటి. విల్సెన్ కోడలు లేచి తన వాకిటి వైపు పోయింది. లూబెన్ చొక్కా చేతులు మడిచి ఆమె వెనకే వెళ్ళాడు.

ఫిల్డోర్ మాత్రం అక్కడే నిలబడి ఉన్నాడు, భుజం మీద రాయితో.

"దించన్నా" అంది అనీజ్.

దించాడు.